గిలక మోసిన బరువు

విల్లుకు ఒక మొండితనం ఉంది. లాగేకొద్దీ బిగుస్తుంది. గురి చూసే క్షణంలో చేయి కదలకుండా నిలవాలి, సరిగ్గా అప్పుడే దాని బరువంతా మూడు వేళ్ల మీదికి వచ్చి కూర్చుంటుంది. వేల ఏళ్లుగా విలుకాళ్లు దీన్ని ఓర్చుకున్నారు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు హోలెస్ విల్బర్ అలెన్ మాత్రం విల్లు రెండు కొసలకూ గిలకలు బిగించి చూశాడు.

బావి గిలకకు ఇరుసు నడిమధ్యన ఉంటుంది. అలెన్ గిలకకు ఓ పక్కకు జరిగి ఉంటుంది. కిటుకంతా అక్కడే. తాడు లాగుతుంటే గిలక తిరుగుతుంది, తిరిగేకొద్దీ లాగేవాడికి మీటబలం పెరుగుతుంది. మొదట భారంగా ఉన్న విల్లు చివరికొచ్చేసరికి తేలికవుతుంది. 1966లో దరఖాస్తు పెడితే 1969 డిసెంబరు 30న పేటెంటు చేతికొచ్చింది. అదే కాంపౌండ్ విల్లు. ఇప్పటి మోడళ్లలో బరువు 80 శాతం దాకా పడిపోతుంది. అంటే 60 పౌండ్ల విల్లును పూర్తిగా లాగాక చేతి మీద మిగిలేది 12 పౌండ్లే, ఐదున్నర కిలోల లోపు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లు లాగి అంత తాపీగా గురి చూడటం టీవీలో గమనించే ఉంటారు. సాధన ఆమెదే, కానీ అంతసేపూ బరువులో పెద్ద వాటా మోసేది గిలకే.

ఇక అసలు సంగతి. కాంపౌండ్‌తోనే వేట నేర్చిన అమెరికన్ ఒకడు గిలకల్లేని పాత తరహా విల్లు కొనాలనుకున్నాడనుకోండి. (మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తుంది కాబట్టి ఇది అక్కడి ముచ్చటే.) దుకాణంలో ఎన్ని పౌండ్లని అడుగుతారు. ‘ఇప్పుడు లాగుతున్నవే, అరవై’ అంటాడు. కొంప మునిగేది ఆ మాటతోనే. కాంపౌండ్‌లో అరవై పౌండ్లు దారిలో తగిలే మెట్ట, ఎక్కి దిగిపోవచ్చు. గిలకల్లేని రికర్వ్ విల్లులో ఆ మెట్ట కొసనే నిలబడి గురి చూడాలి. వారం తిరక్కుండానే భుజం మొరాయిస్తుంది. చేయి పూర్తిగా వెనక్కి రాకముందే వేళ్లు నారిని వదిలేస్తాయి. ఆ దురలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం మహా కష్టం.

పైగా విల్లు మీద రాసే అంకె 28 అంగుళాలు లాగినప్పటిది. వేళ్లతో లాగి నోటి మూలకు చేయి ఆనించేవాడు కాంపౌండ్‌లో కంటే అంగుళం, ఒక్కోసారి ఇంకాస్త తక్కువే లాగుతాడు. అంగుళానికి రెండు మూడు పౌండ్లు అటూ ఇటూ అవుతాయి. అందుకే ముందు కొలవాల్సింది మనిషిని.

నన్నడిగితే మొదటిది మూడు ముక్కలుగా విడదీసే రికర్వే కావాలి. నడుమ పిడి, పైనా కిందా వంగే రెక్కలు, వీటినే లింబ్‌లంటారు. పిడి అలాగే ఉంచి లింబ్‌లు మార్చుకోవచ్చు. 35, 40 పౌండ్లతో మొదలుపెట్టి, ఒళ్లు అలవాటు పడ్డాక 45కు వెళ్లొచ్చు. వేటకు కనీసం ఇన్ని పౌండ్లుండాలని కొన్ని రాష్ట్రాలు చట్టంలోనే రాశాయి, అదీ చూసుకోవాలి. పొడవు 60 అంగుళాలకు తగ్గకూడదు. పొట్టి విల్లు ముద్దుగానే ఉంటుంది గానీ, లాగినప్పుడు నారి ఇరుకు కోణంలో వంగి వేళ్లను నొక్కేస్తుంది. లాంగ్‌బో అనే పాతరకం పొడుగు విల్లు అందం వేరు, కాదనను. కాకపోతే కాంపౌండ్ పిడికి అలవాటు పడ్డ అరచేతికి రికర్వ్ పిడే దగ్గర చుట్టం.

రికర్వ్‌ను ‘సంప్రదాయ’ విల్లు అనడం ఒక తమాషా. ఫైబర్‌గ్లాస్, చెక్క పొరలు అతికించిన ఈ వేట రికర్వ్‌ను మిషిగన్‌లో ఫ్రెడ్ బేర్ లాంటివాళ్లు ఊరూరికీ చేర్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. కాంపౌండ్‌కు తాత కాదు, మహా అయితే అన్న. తమ్ముడు పుట్టాకే దానికి పెద్దరికం వచ్చింది.

పాత బాణాలూ పనికిరాకపోవచ్చు. కాంపౌండ్ వేటగాడు చేతిలోని పరికరం మీట నొక్కి నారిని వదులుతాడు, అది దాదాపు తిన్నగా పోతుంది. వేళ్ల మీంచి జారిన నారి పక్కకు ఒరుగుతుంది. ఆ తోపుకు బాణం పాములా మెలికలు తిరిగి, పిడిని తప్పించుకుని ముందుకు సాగుతుంది. భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ హైస్పీడ్ కెమెరాతో ఈ వంపును పట్టి చూపించాడు. బాణం మరీ బిరుసైతే వంగదు, కుడిచేతివాటం వాడికి ఎడమవైపు కొట్టుకుపోతుంది. కాబట్టి తగినంత వంగేదీ, కాస్త బరువైనదీ ఎంచుకోవాలి.

దూరం సంగతి లెక్కే చెబుతుంది. 20 గజాలంటే 60 అడుగులు. సెకనుకు 300 అడుగులు పోయే కాంపౌండ్ బాణానికి సెకనులో ఐదోవంతు చాలు. 180 అడుగుల రికర్వ్ బాణానికి మూడోవంతు పడుతుంది. నారి చప్పుడు మాత్రం సెకనులో ఇరవయ్యోవంతుకే జింక చెవిన పడుతుంది. మిగతా సమయమంతా జింకదే. అలవాటైన 40 గజాలు మరిచిపోయి, 15 గజాల్లోకి నక్కి రావడం నేర్చుకోవాలి.

ఇవన్నీ కుదిరి విల్లు ఇంటికొచ్చాక, నారి వదులుగా వేలాడే ఆ వస్తువును చూసి మనవాడు తెల్లమొహం వేస్తాడు. కాంపౌండ్ నారి ఎప్పుడూ బిగిసే ఉంటుంది, మార్చాలంటే దుకాణంలో ప్రెస్సు కావాలి. నారి ఎక్కించడమన్నది జీవితంలో చేసి ఉండడు. మిథిలలో రాజులకు పెట్టిన పరీక్ష కూడా ఇదే. వీడికి శివధనుస్సు బెడద లేదు. నారి ఎక్కించడానికి వేరే తాడు ఒకటి దొరుకుతుంది. దాన్ని రెండు కొసలకూ తగిలించి, కాలితో తొక్కిపట్టి, పిడిని పైకి లాగితే లింబ్‌లు వంగుతాయి, నారి గాడిలోకి జారుతుంది. రెండు లింబ్‌లూ మెలిపడకుండా నారి వాటి నడిమధ్యనే ఉందో లేదో ఓసారి చూసుకోవాలి.