న్యుమోనియా రోగి – రక్తకణముల లెక్క

నల్లగొండ వైపు నుండి విజయవాడ రహదారిపై హైదరాబాదునకు వచ్చు పల్లె ప్రజలకు వనస్థలిపురము తెలియని ఊరు కాదు. 2020 మే మాసారంభమున కోవిడ్ వ్యాపించుటచే ఇచ్చటి కొన్ని కాలనీలను కంటెయిన్‌మెంట్ ప్రాంతములుగా ప్రకటించి రాకపోకలను కట్టడి చేసిరి. రాష్ట్రమున కోవిడ్ చికిత్సకు సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రి నాడు ముఖ్యకేంద్రము. వైరస్ వలన ఊపిరితిత్తులు వాచి న్యుమోనియాతో ఆసుపత్రి చేరినవారికి తరచుగా జరుపు పరీక్షలలో రక్తకణముల లెక్క ఒకటి. దీనినే మన లాబొరేటరీలలో సి.బి.పి. అందురు. ఆ కాగితము ఏమి తెలుపునో, ఏమి తెలుపజాలదో మనము గ్రహించుట అవసరము.

ఆరోగ్యవంతుడగు పెద్దవానికి ఒక మైక్రోలీటరు రక్తములో తెల్లకణములు సుమారు 4,000 నుండి 11,000 వరకు ఉండును. వీనిలో రెండు రకములు ముఖ్యమైనవి. న్యూట్రోఫిల్స్ వాపు కలిగిన చోటికి ముందుగా చేరును. లింఫోసైట్లు వైరస్‌ను గుర్తించి, అది సోకిన కణములను నశింపజేయును. వ్యాధి తీవ్రమైనపుడు లింఫోసైట్లు కొన్ని ఊపిరితిత్తులకు తరలిపోవును, కొన్ని నశించును. అందుచే రక్తములో వాని సంఖ్య తగ్గును. న్యూట్రోఫిల్స్ మాత్రము పెరుగును.

ఒక ఉదాహరణము చూతము. ఒక రోగికి తెల్లకణముల మొత్తము 8,000 అనుకొందము. మొత్తము సరిగానే ఉన్నదని ఇంటివారు సంతోషింతురు. కాని అందులో న్యూట్రోఫిల్స్ నూటికి 88, లింఫోసైట్లు నూటికి 8 అయినచో, లింఫోసైట్లు 640 మాత్రమే. సాధారణముగా ఇవి 1,000కి తగ్గరాదు. న్యూట్రోఫిల్స్ వీనికి 11 రెట్లున్నవి. మొత్తము చాటున అపాయము దాగియున్నదన్నమాట.

చైనాలోని వూహాన్ నగరమున 191 మంది రోగులను పరిశీలించి వైద్యులు 2020లో ఒక నివేదిక ప్రకటించిరి. వారిలో 54 మంది మరణించిరి. కోలుకొన్నవారిలో లింఫోసైట్లు తగ్గినను క్రమముగా మరల పెరిగినవి. మరణించినవారిలో కడవరకు తక్కువగానే ఉండిపోయినవి. కావున ఒకనాటి అంకె కంటె, వరుస దినముల అంకెలు ఏ దిక్కుకు పోవుచున్నవో చూచుట ముఖ్యము.

అయినను ఈ లెక్క సూచన మాత్రమే, తీర్పు కాదు. డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ మందు వాడినపుడు న్యూట్రోఫిల్స్ వాటంతట అవే పెరుగును. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులలో ఆ మందు మరణములను తగ్గించునని 2020లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో తేలినది. ఆక్సిజన్ అవసరము లేనివారికి మేలు కనబడలేదు. కావున అంకెను చూచి సొంతముగా స్టెరాయిడ్ మ్రింగుట ప్రమాదకరము. ప్లేట్‌లెట్లు తగ్గుటయు డెంగ్యూలోనే కాక ఇట్టి న్యుమోనియాలోను కలదు.

దగ్గు, జ్వరములతో ఆయాసము కలిగినపుడు, వ్రేలికి తగిలించు ఆక్సీమీటరులో ఆక్సిజన్ 94కు తగ్గినపుడు, రక్తపరీక్ష ఫలితమునకై ఇంట వేచియుండరాదు. తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. పాత రిపోర్టులన్నియు తేదీల వరుసలో వెంట తీసికొని పోవలెను. మునుపటి అంకెలు చేతనుండిన వైద్యునికి నేటి అంకె అర్థము తేటపడును; రోగికి విలువైన కాలము మిగులును.