ఇంటికి, పొలానికి చిన్న జనరేటరు: ఎంపికలో గమనించవలసిన విషయములు

కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డకు విద్యుచ్ఛక్తి కొత్త కాదు. జూరాల జలవిద్యుత్ కేంద్రము సామర్థ్యమే 234 మెగావాట్లు. అయినను గాలివానకు ఒక్క స్తంభము ఒరిగినచో ఆ రాత్రి ఊరంతయు చీకటియే. 2009 అక్టోబరులో నదులు పొంగి అలంపురం నీట మునిగిన సంగతి రైతులు మరచియుండరు. అట్టి సమయములో త్రాగునీటి మోటారుకు, సెల్‌ఫోను చార్జింగుకు పనికివచ్చునని కొందరు చిన్న జనరేటర్లు కొనుచున్నారు. అయితే అవసరమును లెక్కించి కొననిచో డబ్బు వృథా యగును. తగిన చోట ఉంచనిచో ప్రాణమునకే ముప్పు.

అవసరమా, కాదా?

గంట, రెండు గంటలు కరెంటు పోవు ఇంటికి జనరేటరు అక్కరలేదు. మంచి స్థితిలోనున్న 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ గల ఇన్వర్టరుతో అయిదు ఎల్.ఇ.డి. దీపములు, మూడు ఫ్యాన్లు సుమారు నాలుగు గంటలు నడచును. చిన్న పెట్రోలు జనరేటరు ఒక యూనిట్ కరెంటుకు సుమారు అర లీటరు పెట్రోలు త్రాగును. అనగా యూనిట్ ఖర్చు 50 రూపాయలకు తగ్గదు. రోజంతయు కరెంటు రానప్పుడు, లేక లైను లేని చోట మాత్రమే జనరేటరు తగును. విత్తనపత్తి చేనులోని కాపలా గుడిసె, మల్దకల్ తిమ్మప్ప జాతరకు పిల్లాపాపలతో పోయి వేసుకొను గుడారము ఇట్టి చోట్లు.

ఎంత శక్తి గలది కావలెను?

ముందుగా ఒక కాగితముపై ఇంటి లెక్క వ్రాసుకొనవలెను. ఉదాహరణకు:

అయిదు దీపములు – 45 వాట్లు
మూడు ఫ్యాన్లు – 225 వాట్లు
టీవీ – 100 వాట్లు
ఫ్రిజ్ – 150 వాట్లు
మొత్తము – 520 వాట్లు

దీనికి అర అశ్వశక్తి నీటి మోటారు చేర్చినచో మరి 550 వాట్లు కావలెను. కాని మోటారు కదలునప్పుడు నడకకు కావలసిన దానికి మూడు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ లాగును. బరువు బండిని కదల్చుటకు ఎడ్లు మొదట ఎక్కువ బలము పెట్టుట వంటిదే ఇది. కావున 1,070 వాట్లు చాలునని భ్రమపడరాదు. ఆ క్షణమునకు 2,200 వాట్లు అవసరము. మోటారును ముందు వేసి, అది తిరిగిన పిదప మిగిలినవి ఒక్కొక్కటిగా వేసినచో కొంత చిన్న యంత్రముతోనే సరిపోవును.

అట్టపెట్టెపై పెద్ద అక్షరములతో నుండు అంకె తరచుగా కొద్దిసేపు మాత్రమే ఇవ్వగల గరిష్ఠ శక్తి. నిరంతరముగా ఎన్ని వాట్లు ఇచ్చునో యంత్రము పట్టీపై చదివి కొనవలెను. 5 అశ్వశక్తుల మూడు ఫేజుల బోరు మోటారుకు ఈ చిన్న యంత్రములు పనికిరావు.

ఏ రకము?

సాధారణ జనరేటరు లోడు ఎంత తక్కువైనను ఒకే వేగముతో తిరుగును. ధర తక్కువ, మోత ఎక్కువ. ఇన్వర్టరు రకపు జనరేటరు లోడును బట్టి వేగము తగ్గించుకొనును. దీనికి పెట్రోలు ఆదా, శబ్దము తక్కువ. ధర మాత్రము ఎక్కువ. దీపములకు, ఫోన్లకు, టీవీకి, పొలమునకు మోసుకొనిపోవుటకు ఇది మేలు. మోటారు తిప్పుటయే ముఖ్యమైనచో సాధారణ రకము చాలును.

రెండు ప్రాణాపాయములు

మొదటిది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని చంపును. వాన వచ్చినదనియో, దొంగల భయముననో యంత్రమును గదిలో, వరండాలో, పశువుల కొట్టములో నడపరాదు. తలుపులకు, కిటికీలకు కనీసము 20 అడుగుల దూరమున, పొగగొట్టము ఇంటికి ఎదురు కాకుండ ఉంచి, వాన తగులకుండ పైన మాత్రమే కప్పు ఏర్పరచవలెను. తలనొప్పి, కళ్లు తిరుగుట, వాంతి కనిపించినచో వెంటనే ఆ మనిషిని ఆరుబయటకు తెచ్చి 108కు ఫోను చేయవలెను.

రెండవది లైను. జనరేటరు తీగను గోడ ప్లగ్గులో గ్రుచ్చి ఇల్లంతటికి కరెంటు ఇచ్చుట కొందరి అలవాటు. ఆ కరెంటు బయటి తీగలలోనికి పోయి, ట్రాన్స్‌ఫార్మరులో తిరిగి వేల వోల్టులకు పెరుగవచ్చును. లైను ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్ దానికి బలి యగును. చేంజోవర్ స్విచ్ పెట్టించుకొనవలెను; లేనిచో పరికరములను నేరుగా జనరేటరుకే కలుపుకొనవలెను.

సంరక్షణ

నడపుటకు ముందు ప్రతిసారి ఇంజను ఆయిలు చూడవలెను. వేడి తగ్గిన తరువాతనే పెట్రోలు పోయవలెను. నెలకొకసారి పావుగంట లోడుతో నడపవలెను. చాలకాలము వాడనిచో పెట్రోలు తీసివేయవలెను. నేటి పెట్రోలులోని ఇథనాలు తేమను పీల్చి కార్బురేటరును పాడుచేయును.

గ్రామాధికారులు తమ ఊరిలో ఎవరివద్ద జనరేటరున్నదో వర్షాకాలమునకు ముందే పట్టీ వ్రాసి ఉంచుకొన్నచో, వరద రాత్రి త్రాగునీటికి, రోగులకు అవి అక్కరకు వచ్చును. పొగ, లైను విషయములలోని జాగ్రత్తలను అప్పుడే వారికి తెలియజెప్పవలెను.