పసివారి శస్త్రచికిత్స – వ్యయము, ఫలము

గుంటూరు మిరప యార్డులో సరకు తూచుటకు ముందు త్రాసు సరిగా నున్నదో లేదో చూతురు. పసివారి శస్త్రచికిత్సకు చేసిన వ్యయమునకు తగిన ఫలము కలిగినదా యని తేల్చు ఆర్థిక పరిశోధనలను గూడ అట్లే పరీక్షింపవలెను.

మొదటిది వ్యయము. 2007 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాలతో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము తరువాత రాష్ట్రమంతటికి విస్తరించినది. పిల్లల గుండె శస్త్రచికిత్సలు అందులో చేరినవి. ఒక్కొక్క చికిత్సకు ప్రభుత్వము ఆసుపత్రికి చెల్లించు ధర ముందే నిర్ణయింపబడును. ఆ ధరయే మొత్తము వ్యయ మనుకొన్నచో లెక్క తప్పును. మిరపకోతల కాలములో బిడ్డవద్ద ఆసుపత్రిలో నుండిన తల్లి కోల్పోయిన కూలి అందులో లేదు గదా! కావున ఎవరి వ్యయమును లెక్కించిరో పరిశోధకులు స్పష్టముగా చెప్పవలెను.

రెండవది పోలిక. కొందరు శిశువులు గుండె గదుల నడిమి గోడలో రంధ్రముతో పుట్టుదురు. చిన్న రంధ్రములు చాలవరకు వాటంతటవే మూసికొనును. పెద్దవి ప్రాణమునకే ముప్పు తేవచ్చును. ఈ భేదము పాటింపక అందరికిని శస్త్రచికిత్సయే ప్రాణము పోసిన దనినచో ఫలము హెచ్చుగా కనబడును.

మూడవది కాలము. 1,20,000 రూపాయల చికిత్సవలన ఒక బిడ్డకు 60 ఏండ్ల ఆరోగ్యము లభించిన దనుకొందము. ఏడాదికి వ్యయము 2,000 రూపాయలు. కాని ఆర్థికవేత్తలు భావికాలపు ఫలమునకు విలువ తగ్గింతురు. ఏటా 3 శాతము చొప్పున తగ్గించిన, 60 ఏండ్లు సుమారు 28 ఏండ్లగును. ఏడాది వ్యయము సుమారు 4,300 రూపాయలకు పెరుగును. ఫలము దీర్ఘకాలము సాగు పసివారి చికిత్సలకే ఈ తగ్గింపు ఎక్కువగా తగులును. అందుచే రెండు లెక్కలును చూపుట మంచిది.

నాలుగవది జీవన నాణ్యత. పూర్ణారోగ్యముతో గడచిన ఏడాదిని 1గాను, మరణమును 0గాను గణింతురు. మాటలు రాని శిశువు బాధను తల్లిదండ్రులే అంచనా వేయవలెను. ఆ అంచనా సరియైనదని చెప్పుట కష్టము.

ఇట్టి పరిశోధనలు ఏయే వివరములు వెల్లడింపవలెనో తెలుపుచు 2013లో ‘చీర్స్’ అను నియమావళి వెలువడినది. 2022 నాటి సవరణలో 28 అంశములు కలవు. వివరము లన్నియు వ్రాసినంతమాత్రమున లెక్క నిజము కాదు. కాని తప్పు ఎక్కడ నున్నదో ఇతరులు పట్టుకొనగలరు.

ప్రభుత్వ ధనము పరిమితమైనది. లెక్క తప్పినచో, చికిత్స వెంటనే కావలసిన బిడ్డయే వేచియుండవలసి వచ్చును.