వార్తల్లో పదం: రెపో లింక్డ్ వడ్డీ

తిరుపతి దగ్గరి చంద్రగిరి చుట్టుపక్కల తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్లలో తొలి ఇల్లు కొనేవారు ముందుగా అడిగేది ‘వడ్డీ ఎంత?’ అనే. ఆ వడ్డీని దేనికి ముడిపెట్టారన్నది అంతకన్నా ముఖ్యం. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతుండే) గృహరుణాల వడ్డీని రెపో, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు, వంటి బయటి కొలమానానికి ముడిపెట్టి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ నిబంధన లేదు. మూల రేటు వాటి చేతిలోనే ఉంటుంది. 2025లో రిజర్వు బ్యాంకు రెపోను 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. ఇరవై ఏళ్లకు తీసుకున్న 30 లక్షల అప్పుపై వడ్డీ 8.5 నుంచి 8 శాతానికి తగ్గినా నెలకు సుమారు 940 రూపాయలు మిగులుతాయి.

పెరిగేటప్పుడూ అంతే వేగం కదా అంటారు. నిజమే, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరికల్లా రెపో 4 నుంచి 6.5 శాతానికి ఎగబాకింది. కానీ అది అందరి కళ్లముందు జరిగిన లెక్క. జీతం చీటీ లేని చిరువ్యాపారికి బ్యాంకులో అప్పు పుట్టదన్నది, బ్యాంకు రుణమే మేలన్న మాటకు ఇంకా బలమైన అభ్యంతరం. అప్పుడు ఫైనాన్స్ కంపెనీయే దిక్కు కావచ్చు. అక్కడ ఇచ్చే కీలక వివరాల పత్రంలో ఫీజులు కలిపిన వార్షిక రేటు చూడాలి. సొంతింటి ఫ్లోటింగ్ రుణాన్ని ముందే తీర్చినా జరిమానా ఉండదు గనుక, కొన్నేళ్లు వాయిదాలు సక్రమంగా కట్టి బ్యాంకుకు మారవచ్చు. కొత్త ప్రాసెసింగ్ ఫీజును మాత్రం లెక్కలో వేసుకోవాలి.