సిద్ధంగా అమర్చిన కార్డుల కట్ట.. కొనదగినదేనా?

ఒక్కటి కొంటే వృథా.. జంటగా కొంటే ఆట

నల్లగొండ, మహబూబ్‌నగర్: పేక ముక్కలు ఇంట్లోకి వస్తున్నాయంటే ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పెద్దల కనుబొమలు నేటికీ ముడిపడతాయి. పేకాటలో పొలాలు, పుస్తెలు పోగొట్టుకున్న వారి కథలు వినిపించని ఊరు అరుదు. అటువంటి ఇళ్లలోనే ఇప్పుడు పిల్లలు 'పోకెమాన్' కార్డులు కొనిపెట్టమని మారాం చేస్తున్నారు. అడిగింది కదా అని పండుగ పూటో, పుట్టినరోజుకో ఒక పెట్టె కొనిచ్చిన తల్లిదండ్రులకు నాలుగు రోజుల తరువాత మరో పెట్టె, ఆపై ఇంకొకటి కొనవలసి వస్తోంది. ఇంత ఖర్చయినా పిల్లలు అసలు ఆట ఆడిన దాఖలా మాత్రం కనిపించదు. దీనికి కారణం పిల్లల మొండితనం కాదు. ఈ కార్డులు ఎన్ని విధాలుగా అమ్ముడవుతాయో, వాటిలో దేనితో ఆట సాగుతుందో కొనేవారికి తెలియకపోవడమే.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఈ కార్డులకూ పందెం పేకాటకూ సంబంధం లేదు. తెలంగాణలో 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు. అయితే రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు చెందిన కేసులో 1967లోనే సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. పోకెమాన్ వంటి ఆటల్లో పందెం ఉండదు. ఓడినవారు పోగొట్టుకునేదీ ఉండదు. జూదాన్ని తలపించేది ఏదైనా ఉంటే అది ఆటలో కాదు, కొనుగోలులో ఉంది. ఆ సంగతి ముందు ముందు తెలుస్తుంది.

ట్రంప్ కార్డులకు, వీటికి తేడా

నేటి తల్లిదండ్రుల్లో చాలామంది తమ చిన్నతనంలో కుస్తీవీరుల 'డబ్ల్యూడబ్ల్యూఎఫ్' ట్రంప్ కార్డులు ఆడినవారే. ఎత్తు, బరువు, ఛాతీ కొలత చదివి ఎవరి అంకె పెద్దదైతే వారు ఎదుటివారి ముక్కను లాగేసుకునేవారు. ఆ ఆటకు ఒక్క కట్ట చాలు. దానినే ఇద్దరూ సగం సగం పంచుకునేవారు. బజారు నుంచి మరొకటి తేవలసిన పని ఉండేది కాదు. అంతకు ముందు తరం వారికైతే ఆ ఖర్చూ లేదు. అష్టాచెమ్మకు, పులిమేకకు సుద్దముక్కతో నేలపై గీసిన గళ్లు, నాలుగు చింతపిక్కలు సరిపోయేవి.

ఇప్పుడు వచ్చినవి ఆ కోవకు చెందవు. ఇందులో ఆటగాళ్లిద్దరికీ ఎవరి కట్ట వారికి విడిగా ఉండాలి. ఆ కట్టలో ఏ ముక్కలు ఉండాలో నిర్ణయించుకునేది ఆటగాడే. అమెరికాకు చెందిన గణితవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించగా 1993లో విడుదలైన 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' ఈ తరహా ఆటలకు ఆద్యం. పోకెమాన్ కార్డులు 1996లో జపాన్‌లో, 1999లో ఇంగ్లిష్‌లో వెలువడ్డాయి. 'యు-గి-ఓ' ఇంగ్లిష్ కార్డులు 2002లో వచ్చాయి. మన పిల్లలు ఎక్కువగా అడిగేది పోకెమాన్ కనుక దానినే ప్రధానంగా పరిశీలించవలసి ఉంది.

పోకెమాన్ కట్టలో సరిగ్గా 60 కార్డులు ఉండాలి. ఒకే పేరు గల కార్డు 4కు మించరాదు. మౌలిక శక్తి కార్డులకు మాత్రం ఈ పరిమితి లేదు. ఆట మొదట్లో 7 ముక్కలు చేతికి తీసుకుంటారు. మరో 6 ముక్కలను బహుమతి కార్డులుగా బోర్లించి పక్కన పెడతారు. ఎదుటివారి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా తన బహుమతి కార్డు తీసుకుంటూ, ముందుగా ఆరూ పూర్తి చేసినవారు గెలుస్తారు.

బజారులో కార్డులు రెండు విధాలుగా దొరుకుతాయి. ఒకటి బూస్టర్ ప్యాకెట్. అందులో 10 కార్డుల వరకు ఉంటాయి. విప్పేదాకా ఏవి వస్తాయో తెలియదు. రెండోది కంపెనీయే 60 కార్డులు ఏర్చి కూర్చి, ఆటకు సిద్ధంగా అమర్చిన కట్ట. దీనినే స్టార్టర్ డెక్, బ్యాటిల్ డెక్ వంటి పేర్లతో అమ్ముతారు. రెడీమేడ్ చొక్కాకు, కుట్టించుకున్న చొక్కాకు ఉన్నంత తేడా ఈ సిద్ధ కట్టకు, అనుభవజ్ఞులు సొంతంగా కూర్చుకునే కట్టకు ఉంటుంది. భుజాల దగ్గర కాస్త వదులైనా రెడీమేడ్ చొక్కాను కొన్న రోజే తొడుక్కోవచ్చు. బూస్టర్ ప్యాకెట్ చొక్కా కూడా కాదు, గుడ్డ ముక్కల మూట.

ఆరు ప్యాకెట్లు కొంటే 60 కార్డులు వస్తాయి కదా అన్న సందేహం సహజం. కానీ వాటితో కట్ట తయారు కాదు. ఈ ఆటలో కొన్ని పోకెమాన్‌లు అంచెలంచెలుగా ఎదుగుతాయి. చార్‌మాండర్ లేకుండా చార్‌మిలియన్‌ను, అది లేకుండా చారిజార్డ్‌ను మామూలుగా బరిలోకి దింపడం కుదరదు. ప్యాకెట్‌లో చారిజార్డ్ ఒక్కటే వస్తే అది చూసుకుని మురవడానికే తప్ప ఆటకు పనికిరాదు. దాడి చేయాలంటే దానికి తగిన రకం శక్తి కార్డులు కావాలి. అవి ప్యాకెట్లలో చాలినన్ని రావు. పిల్లవాడు వరుసగా ప్యాకెట్లు అడగడానికి అసలు కారణం ఇదే. జూదపు వాసన ఉన్నదీ ఇక్కడే. ఏమి వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టడం, రానందుకు మళ్లీ పెట్టడం. సిద్ధ కట్టలో ఆ బెడద లేదు. ఏ ప్రధాన కార్డుల చుట్టూ కట్టను అల్లారో పెట్టె మీదే కనిపిస్తుంది. అదే కట్ట ఎన్ని పెట్టెలు కొన్నా లోపల అవే 60 కార్డులు.

మరి విమర్శ ఎందుకు?

సిద్ధ కట్టలు డబ్బు దండగని అనుభవజ్ఞులైన ఆటగాళ్లు అంటుంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. లెక్క చూస్తే విషయం బోధపడుతుంది. 60 కార్డుల కట్టలో ఒక మంచి కార్డు ఒక్కటే ఉంటే, మొదటి 7 ముక్కల్లో అది చేతికి వచ్చే అవకాశం సుమారు 12 శాతం. అదే కార్డు నాలుగు ఉంటే కనీసం ఒకటైనా వచ్చే అవకాశం 40 శాతానికి చేరుతుంది. ప్రారంభకుల కోసం చేసే కట్టల్లో బలమైన కార్డులను ఒకటి రెండుకు మించి పెట్టరు. మిగిలిన చోటును బలహీనమైన కార్డులతో నింపుతారు. పోటీలకు వెళ్లేవారు ముఖ్యమైన ప్రతి కార్డునూ మూడు, నాలుగు చొప్పున పెట్టుకుంటారు కనుక వారి ముందు ఈ కట్ట నిలవదు.

యు-గి-ఓలో ఇదే చిక్కుకు ఒక మార్గం కనిపెట్టారు. అక్కడ కట్టలో 40 నుంచి 60 కార్డులు ఉండవచ్చు. ఒకే కార్డు మూడుకు మించరాదు. 40 కార్డుల కట్టతో, 5 ముక్కలతో ఆట మొదలుపెడితే, ఒకే ఒక్కటిగా ఉన్న కార్డు తొలి చేతిలో వచ్చే అవకాశం 12.5 శాతం. మూడుంటే సుమారు 34 శాతం. అందుకే ఆటగాళ్లు ఒకే సిద్ధ కట్టను మూడు పెట్టెలు కొని, వాటిలోని మేలైన వాటిని ఏరి ఒకే కట్టగా చేసుకుంటారు. మ్యాజిక్‌లోని 'కమాండర్' పద్ధతిది వేరే దారి. అందులో కట్ట 100 కార్డులది. మౌలిక భూమి కార్డులు తప్ప ఏ కార్డూ రెండోసారి ఉండకూడదన్నది నియమం. అందరికీ ఒక్కొక్కటే కనుక సిద్ధ కట్టకు ప్రతుల కొరత అన్న లోటే లేదు. 2011 నుంచి వస్తున్న ఈ కట్టలతో నేరుగా తోటివారితో ఆటకు కూర్చోవచ్చు. కాకపోతే చదవవలసిన ఇంగ్లిష్ చాలా ఎక్కువ. చిన్నపిల్లలకు తగదు.

జిల్లా ఇళ్లకు ఏది మేలు?

అనుభవజ్ఞుల విమర్శ పోటీలకు వెళ్లే వారిని దృష్టిలో పెట్టుకున్నది. వారానికోసారి ఆటగాళ్లు కలిసే దుకాణం, విడి కార్డులు అమ్మే చోటు అందుబాటులో ఉన్న మహానగరాల మాట అది. దేవరకొండలోనో, వనపర్తిలోనో ఉన్న పిల్లవాడికి ఎదురుగా కూర్చునేది చెల్లెలో, పక్కింటి స్నేహితుడో. వారిద్దరి దగ్గరా సమాన బలం గల కట్టలు ఉంటే ఆట రక్తి కడుతుంది. లేకుంటే లేదు. అంటే ఇక్కడ చూడవలసింది కట్ట ఎంత బలమైనదన్నది కాదు, దానికి జోడీ ఉందా లేదా అన్నది. ఒక్క కట్ట కొనిచ్చి సరిపెట్టడమే అన్నిటికంటే చెడ్డ బేరం. ఎదుట ఆడేవారి దగ్గర మరో కట్ట లేకపోతే ఆ 60 కార్డులు నాలుగు రోజుల్లో అల్మారా చేరతాయి.

ఒకే శ్రేణిలో జంటగా విడుదలైన రెండు కట్టలు తీసుకోవడం, లేదా రెండు మూడు కట్టలు ఒకే పెట్టెలో ఉన్నవి ఎంచుకోవడం ఉత్తమం. పోకెమాన్‌లో 2020లో తొలిసారి వచ్చిన 'బ్యాటిల్ అకాడమీ' పెట్టెలో 60 కార్డుల కట్టలు మూడు, ఆడటానికి ఒక అట్ట, అంచెలంచెలుగా నేర్పే పుస్తకం ఉన్నాయి. మ్యాజిక్ 'స్టార్టర్ కిట్'లోనూ రెండు కట్టలు ఉంటాయి. ఒక కట్ట కంటే వీటి ఖరీదు ఎక్కువే. అయినా ఇద్దరు పిల్లలకు కలిపి లెక్క వేసుకుంటే, ప్యాకెట్ల మీద విడతలు విడతలుగా పోయే సొమ్ము కంటే నయం. అమెరికా నుంచి సెలవులకు వచ్చే బంధువులు ఏం తేవాలని అడిగితే ప్యాకెట్లకు బదులు ఈ జంట పెట్టె చెప్పడం తెలివైన పని.

కార్డులపై తెలుగు ఉండదన్నది గమనించాలి. ఇంగ్లిష్‌లో రెండు మూడు వాక్యాలు చదివి అర్థం చేసుకోగల వయసు వచ్చేదాకా ఆగడం మంచిది. కొనకముందే పరీక్షించే వీలూ ఉంది. 2023లో వచ్చిన 'పోకెమాన్ టీసీజీ లైవ్' యాప్‌లో సిద్ధ కట్టలతో ఉచితంగా ఆడవచ్చు. పిల్లవాడికి వారం రోజుల్లో ఆట మీద మోజు తీరిపోతే పెట్టె ఖర్చు మిగిలినట్టే. ఫోన్ పిల్లల చేతికి ఇచ్చేముందు యాప్‌లో డబ్బు చెల్లించే వీలును మూసి ఉంచాలి.

బంగారు పూత పెట్టెలతో జాగ్రత్త

ఫ్యాన్సీ షాపుల్లో, జాతర అంగళ్లలో, ఆన్‌లైన్‌లో బంగారు రంగు పూత పూసిన 55 కార్డుల పెట్టెలు చవగ్గా దొరుకుతున్నాయి. తళతళ చూసి మోసపోయేది ఎక్కువగా వీటి వద్దే. సంఖ్య 55 కావడమే మొదటి అనుమానం. కట్టకు కావలసింది 60. సాధారణంగా వీటిలో పెద్ద పెద్ద పోకెమాన్‌లే తప్ప, వాటికి ఆధారమైన చిన్నవి, శక్తి కార్డులు ఉండవు. అందువల్ల ఇంట్లో సరదాకైనా ఆడలేరు. అక్షరదోషాలు, వెలిసినట్టుండే వెనుక వైపు నీలిరంగు, నున్నగా జారే ప్లాస్టిక్ స్పర్శ నకిలీకి గుర్తులు. అసలు కార్డు అట్ట పొరల మధ్య పలుచని నల్లని పొర ఉంటుంది. వెనుక నుంచి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే వెలుతురు అంతగా ఇవతలికి రాదు. నకిలీ కార్డుల్లో చాలావాటి నుంచి ధారాళంగా వస్తుంది.

దిగుమతి చేసుకున్న ప్యాకేజీపై దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉండాలని 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. అవి లేని పెట్టెను పక్కన పెట్టేయడం శ్రేయస్కరం. బిల్లు తప్పక తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో తెప్పించినప్పుడు పెట్టె విప్పే దృశ్యాన్ని ఫోన్‌లో చిత్రీకరించుకుంటే తిరిగి పంపేటప్పుడు ఆధారంగా ఉంటుంది. అసలుదని చెప్పి నకిలీ అంటగడితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోని జిల్లా వినియోగదారుల కమిషన్లనూ ఆశ్రయించవచ్చు.

జంట కట్టలతో కొన్ని నెలలు ఆడిన తరువాత పిల్లలు సహజంగానే మార్పులు కోరతారు. అప్పుడైనా ముందుగా చేయవలసింది ఖర్చు లేని పని. రెండు కట్టల్లోని కార్డులను అటూ ఇటూ మార్చి చూడటం. ఆ తరువాతా ఏదైనా కార్డు తప్పనిసరి అనిపిస్తే దాని పేరు చెప్పి విడిగా ఒక్కటే కొనుక్కోవాలి. దాని కోసం ప్యాకెట్లు విప్పుతూ పోవడం తగదు. హైదరాబాద్ వెళ్లి పోటీలో దిగాలన్న ఉత్సాహం కలిగితే కార్డు అడుగున చిన్నగా ముద్రించిన ఆంగ్ల అక్షరం చూసుకోవాలి. ప్రధాన పోటీ విధానంలో పాత అక్షరాల కార్డులను కాలానుగుణంగా తొలగిస్తుంటారు. దుకాణంలో ఏళ్ల తరబడి నిల్వ ఉన్న పెట్టెను తగ్గింపు ధరకు ఇస్తామంటే, ఇంట్లో ఆడుకోవడానికైతే నిస్సంకోచంగా తీసుకోవచ్చు. పోటీ కోసమైతే ఆ అక్షరం చెల్లుతుందో లేదో తెలుసుకున్నాకే డబ్బు చెల్లించాలి.