కరెంటుకూ ఒక పాతర కావాలి



కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో, సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని వైపు, వెనకటి రోజుల్లో జొన్నల్ని పాతరల్లో దాచేవారు. నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టితో కప్పేసేవారు. పంట చేతికొచ్చేది ఏడాదికి ఒకసారి, ఆకలి వేసేది రోజూ. ఆ రెండింటికీ పొత్తు కుదిర్చింది పాతర. ఇవాళ కరెంటుకి కూడా అలాంటి పాతర ఒకటి అవసరమైంది. అది ఎందుకో, దానికోసం పరిశోధకులు ఏం చేస్తున్నారో మనమూ తెలుసుకుందాం.

మనం స్విచ్చి వేస్తే బల్బు వెలుగుతుంది. ఆ కరెంటు ఎక్కడో నిలవ వుండి వచ్చిందనుకుంటాం. కాదండీ. మీరు మిక్సీ తిప్పిన ఆ క్షణంలోనే అంత కరెంటూ ఎక్కడో ఒకచోట తయారు కావాలి. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు దంచుతున్నారనుకోండి. పోటు తప్పితే రోకళ్ళు ఢీకొంటాయి. దేశంలోని కరెంటు యంత్రాలన్నీ అలాగే, సెకనుకి 50 సార్లు అనే ఒకే పోటు మీద నడవాలి. వాడకం ఎక్కువై తయారీ తక్కువైతే పోటు మందగిస్తుంది. మరీ తప్పితే అన్నీ ఆగిపోతాయి. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాల్లో ఒక్కసారిగా కరెంటు పోయి, దాదాపు 60 కోట్లమంది యిబ్బందిపడ్డారు. అప్పటికి మన దక్షిణాది వేరే పోటు మీద వుంది గనక తప్పించుకుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూరు లైనుతో మనమూ అందరితో కలిశాం. ఆ రాయచూరు సి.బెళగల్‌కి ఎంతో దూరం లేదు, తుంగభద్ర అవతలి గట్టు వైపే.

ఇప్పుడు కొత్త చిక్కు సూర్యుడితో వచ్చింది. కర్నూలుకి తూర్పున గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పూర్తయింది. పొగలేదు, బొగ్గులేదు. కాని ఆ కరెంటు మిట్టమధ్యాహ్నం పొంగిపోతుంది. మనం దీపాలు పెట్టి, వంటింట్లోకి వెళ్ళేవేళకి చప్పగా చల్లారిపోతుంది.

ఇందులో పల్లెటూరి ఆడవాళ్ళ కష్టసుఖం కూడా వుంది. బోరుకి కరెంటు రాత్రిపూట యిస్తే, పత్తికో మిరపకో నీళ్ళు కట్టడానికి రైతు చీకట్లో పోవాలి. పాములు, తేళ్ళు, తడి చేతులతో స్టార్టరు ముట్టుకోవడం... ఆయన తిరిగొచ్చేదాకా యింట్లో ఇల్లాలికి కంటిమీద కునుకుండదు. పగటి ఎండ కరెంటుని పొలాలకి పగలే యిచ్చేసి, మిగిలినదాన్ని రాత్రికి దాచగలిగితే ఆ కునుకు ఆమెకి దక్కుతుంది.

దాచడానికి రెండు దారులున్నాయి. మొదటిది నీళ్ళ పాతర. ఎత్తుమీద ఒక చెరువు, పల్లంలో ఒక చెరువు. పగలు మిగిలిన కరెంటుతో కింది నీళ్ళు పైకి తోడతారు. రాత్రి ఆ నీళ్ళే కిందికి వదిలి యంత్రాలు తిప్పుతారు. నాలుగు పాళ్ళు పోస్తే మూడు పాళ్ళు తిరిగి వస్తాయి. నాగార్జునసాగర్‌లో యిలాంటి యంత్రాలు 1980ల నుంచీ వున్నాయి. పాణ్యం దగ్గర పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పథకం తలపెట్టి, 2022 మేలో శంకుస్థాపన చేశారు.

రెండోది బ్యాటరీ. మన ఇన్వర్టరు కింద వుండే సీసం బ్యాటరీ 1859లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు ప్లాంటే కనిపెట్టినదానికి వారసురాలు. మామూలు 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో పట్టేది రెండు యూనిట్లకి కాస్త తక్కువే. ఐదొందల గడపలున్న వూరికి సాయంత్రం ఇంటికొక యూనిట్ చొప్పున కావాలంటే, అలాంటివి దాదాపు మూడువందలు పేర్చాలి! అందుకే తేలికైన లిథియం బ్యాటరీ మీద అందరి చూపూ పడింది. ఇందులో లిథియం కణాలు రెండు పొరల మధ్య అటూ యిటూ ప్రయాణం చేస్తాయి, అంతే. దానికి పునాది వేసిన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. సింగపూరు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు బి.వి.ఆర్. చౌదరి గారు ఈ బ్యాటరీ పదార్థాలమీద చాలాకాలం పరిశోధించారు. హైదరాబాదు బాలాపూర్‌లోని ఎ.ఆర్.సి.ఐ. సంస్థలో లిథియంతోపాటు సోడియం బ్యాటరీలమీదా పని జరుగుతోంది. సోడియమంటే మన ఉప్పులో వుండేదే. లిథియం కొన్ని దేశాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది, ఉప్పుకి ఏ దేశంలోనూ కరువు లేదు.

పాతర వుంటే చాలదు, ఎప్పుడు తియ్యాలో తెలిసిన ఇల్లాలూ వుండాలి గదా! ఆ తెలివే స్మార్ట్ గ్రిడ్డు. లైన్ల నాడిని సెకనుకి ఎన్నోసార్లు పట్టి చూసే పరికరాన్ని 1988లో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో అరుణ్ ఫడ్కే గారి బృందం తయారుచేసింది. దేశంలో ప్రయోగాత్మకంగా పెట్టిన స్మార్ట్ గ్రిడ్డుల్లో హైదరాబాదు జీడిమెట్లదీ ఒకటి.

ఇక స్మార్ట్ మీటరు సంగతి. "అది పెడితే బిల్లు పెరుగుతుందట" అని మనవాళ్ళు భయపడుతున్నారు. మీటరు తనంతట తాను బిల్లు పెంచదు. కాని మీరు ఏ వేళలో ఎంత వాడారో అది చెబుతుంది. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, ఎండ వేళల్లో రేటు మామూలుకన్నా కనీసం 20 శాతం తగ్గాలి, రద్దీవేళలో ఇళ్ళకు కనీసం 10 శాతం పెరగాలి. పగలు ఇంట్లో వుండే ఇల్లాలికి ఇది లాభమే. పొద్దున పనికిపోయి చీకటిపడ్డాక వచ్చే ఆమెకి మాత్రం నష్టం. ఈ సంగతి లెక్కలు వేసేవారు మరచిపోకూడదు. ఇల్లు ఏ వేళకి తాళం వేసి వుందో కూడా ఆ మీటరు లెక్కలు చెప్పగలవు. కాబట్టి ఆ వివరాలు ఎవరి చేతిలో వుంటాయో అడిగే హక్కు మనది.

మీ బిల్లు తిరగేసి, వేళనుబట్టి రేటు వుందేమో చూడండి. వున్నా లేకపోయినా గ్రైండరు, వాషింగ్ మెషీను, నీళ్ళ మోటారు పగలు పదికీ మూడుకీ మధ్య పెట్టుకోండి. దాచిపెట్టే అవసరమే లేకుండా వాడుకున్న కరెంటు అన్నిటికన్నా చవక. ఉన్ననాడు పొదుపుగా దాచి, లేనినాడు సర్దుకోవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు గదా!