పెద్దవారి మతిమరుపు: మన తెలుగు డాక్టరమ్మ చెప్పిన సంగతి



"వయసు మళ్ళింది కదా సిస్టర్, మతిమరుపు మామూలే" అని చాలామంది బంధువులు అంటుంటారు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం వయసుతో కొంత సహజమే. కాని రోజూ నడిచే దారి తప్పడం, మనవలను గుర్తుపట్టకపోవడం, చిల్లర లెక్క తెలియకపోవడం సహజం కాదు. అది డిమెన్షియా అనే మెదడు జబ్బు కావచ్చు. దానిని చాదస్తమని కసురుకోవడం తగదు.

ఈ జబ్బు గురించి మన హైదరాబాదులోనే గొప్ప పరిశోధన జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో నరాల వైద్యురాలిగా పనిచేసిన డాక్టర్ సువర్ణ అల్లాడి గారు మతిమరుపుతో వచ్చే పెద్దవారిని ఏళ్ళ తరబడి పరీక్షించారు. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను ఆమె బృందం 2013లో ప్రచురించింది. వారిలో 391 మంది రెండు లేక అంతకుమించి భాషలు మాట్లాడేవారు. ఒకే భాష తెలిసినవారికన్నా వీరిలో జబ్బు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది.

అంతకుముందు కెనడాలోని టొరంటోలో కూడా ఇటువంటి ఫలితమే వచ్చింది. అయితే అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు. చదువు వల్లనా, వలస వల్లనా అనే సందేహం మిగిలిపోయింది. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ పక్కపక్క ఇళ్ళలోనే వినిపిస్తాయి. పైగా బడి ముఖం చూడనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. రెండు భాషలలో ఒకదానిని ఆపి, మరొకదానిని ఎంచుకోవడం మెదడుకు నిత్యం కసరత్తు అని పరిశోధకుల అభిప్రాయం. ఇది జబ్బును నయం చేయదు, ఆలస్యం చేయవచ్చు. ఆమె తరువాత బెంగళూరు నిమ్హాన్స్‌లో ఆచార్యులుగా ఈ కృషి కొనసాగించారు.

మన ప్రాంతంలో ఒరియా వచ్చిన పెద్దవారు, ఉద్యోగరీత్యా హిందీ నేర్చినవారు ఉన్నారు. వారిని ఆ భాషలలో మాట్లాడనివ్వండి. పిల్లలు విశాఖ, హైదరాబాదు వెళ్ళిపోతే ఇంట్లో మాట్లాడే మనిషే ఉండరు. ఒంటరితనం, వినికిడి తగ్గడం, బి.పి., షుగరు, దిగులు కూడా ఈ జబ్బుకు దారితీయగలవని 2024లో లాన్సెట్ కమిషన్ నివేదిక తెలిపింది.

కనుక ఇవి మరువకండి:

1. మతిమరుపు పెరుగుతుంటే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ లోపం, బి-12 విటమిన్ లోపం, దిగులు జబ్బు వలన వచ్చే మతిమరుపు వైద్యంతో తగ్గవచ్చు.

2. బి.పి., షుగరు మాత్రలు మానకుండా చూడండి. చెవి వినబడకపోతే పరీక్ష చేయించండి.

3. పెద్దవారు నిద్ర, తిండి మాని మౌనంగా ఉంటే 14416 టెలీ మానస్‌కు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

4. మరచిపోయినందుకు నలుగురిలో నవ్వకండి. అడిగినదే మళ్ళీ అడిగినా ఓపికతో జవాబు చెప్పండి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, ఒంటరిగా కూర్చున్న ఒక తాతగారి దగ్గరో, మామ్మగారి దగ్గరో అరగంట కూర్చుని వారి కబుర్లు వినండి. ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్